సార్ బయటికి పోయిండు

జూన్ 2, సోమవారం

ఈ డైరీ ఫిబ్రవరిల లెన్సుల కంపెనీ ఏజెంటు ఇచ్చిండు. "మీ ఓనర్‌కు ఇయ్యుండ్రి మేడం" అన్నడు. "సరే, ఇస్త" అన్న. నాలుగు నెలలసంది సొరుగుల పడున్నది. ఇయ్యాల తీసిన. ఓనర్‌ను నేనే గదా. రాస్కుంటే ఎవ్వరేమంటరు.

పొద్దున ఒక టీచర్ వచ్చిండు. ఫ్రేములన్ని పెట్టుకోని అద్దంల మొఖం చూస్కున్నడు. అంత అయినంక అటిటు చూసి "సార్ లేడా?" అన్నడు. నా నోట్లకెల్లి దానంతటదే వచ్చింది. "సార్ బయటికి పోయిండు. ఇప్పుడే వస్తడు, కూసోండ్రి."

ఆయన కూసోలే. మల్ల వస్త అని పోయిండు.

ఏ సార్? ఎక్కడికి పోయిండు? ఈ దుకాణంల సార్ అనేటోడే లేడు. తెరిచిన మొదటి వారంల ఒకామె బేరమాడితే "సార్ ఒప్పుకోడమ్మా" అన్న. ఊకుంది. అప్పటిసంది ఆ లేని సార్ ఈడనే ఉంటున్నడు. లెన్సు లేటయితే సార్ ఊర్ల లేడు. ఫ్రేము నచ్చకపోతే సార్‌ను అడిగి చెప్త. నా దుకాణంల నేనే జీతానికున్నట్టున్నది.

బోర్డు మీద నా పేరు పెట్టిస్త అన్నడు మా ఆయన పరశురాం. వద్దన్న. ఉత్త "కంటి అద్దాలు" అని రాయించిన.

జూన్ 5, గురువారం

ఎదురుంగ మూసున్న షట్టరు తెరిచిన్రు. లోపల తెల్ల రంగు ఏస్తున్నరు. బట్టల దుకాణం అంట.

జూన్ 6

బట్టల దుకాణం కాదు.

జూన్ 8, ఆదివారం

ఎదురు దుకాణం ఓపెనింగ్‌కు పిలిస్తే పోయిన. పోకపోతే బాగుండదు.

నిజాంపేట రాజేందర్ పటేల్ బిడ్డ ఇషిత. ఇరవై నాలుగేండ్లుంటయేమో. హైదరాబాద్‌ల నాలుగేండ్లు కండ్ల చదువే చదివిందంట. ఆ పట్టా పటం కట్టించి గోడకు పెట్టింది. వచ్చినోళ్లందరు ముందు దేవుని పటానికి మొక్కి తర్వాత దాన్ని చూస్తున్నరు. కంప్యూటర్ మిషన్ ఉన్నది, గడ్డం ఆనిస్తే అదే పవర్ చెప్తది. ఏసీ ఉన్నది. సోఫా ఉన్నది.

"అక్కా, మీది ఎదురు దుకాణమేనట గదా. మీరేం చదివిన్రు?" అన్నది. మంచిగనే అడిగింది.

"మా సార్ చూస్కుంటడు మేడం" అన్న.

లడ్డు ఇచ్చింది. తిన్న. మంచిగున్నది. నాకేం కుళ్లు లేదు. చిన్న పిల్ల, బతకనీ. టౌన్‌ల రెండు దుకాణాలుంటే ఏమైతది.

ఇంత ఏసీ పెడితే కరెంటు బిల్లు చూసి మూడు నెలలకు మూస్తది.

జూన్ 12

బడులు తెరిచిన్రు. ఆమె దగ్గరికి ఏడుగురు. నా దగ్గరికి ఒక్కడు, స్క్రూ బిగించమని.

జూన్ 17, మంగళవారం

ఆమె నవ్వుతది గదా, గది నాకు నచ్చదు. ఎవరొచ్చినా లేచి నిలవడి "నేను ఇషితను, ఈ షాపు నాదే" అంటది. రోడ్డు దాటి ఇనవడుతది. ఎంత తేలికగ అంటదో. ఎవ్వరూ ఆమెను "సార్ లేడా" అని అడుగరు.

నేను పదహారేండ్లు పనిచేసిన. బస్టాండు కాడ కృష్ణమోహన్ సార్ దుకాణంల. సార్ పవర్ చూసేటోడు, నేను లెన్సు అరగదీసి ఫ్రేముల కూసోపెట్టేదాన్ని. పవర్ చూసుడు గూడ పక్కన నిలవడి నేర్చుకున్న. పోయిన దసరాకు సార్ మోకాళ్లు పనిచేస్తలేవని దుకాణం మూసి తూప్రాన్ పోయిండు. పోతపోత "రజనీ, లెన్సు అరగదీసే ఈ మిషన్ నీ మాటే ఇంటది, తీస్కపో" అన్నడు. తెచ్చుకున్న. మిషన్ తెచ్చుకుంటే దుకాణం అయితదా? ఇంటర్ ఫెయిల్‌దాన్ని. ఎవరి కండ్లన్న చూసేటప్పుడు వాకిలి దిక్కే చూస్తుంట, ఎవరో వచ్చి "నువ్వెవరే" అంటరని.

మా ఆయనకు చెప్పిన. బస్సు డిపోకెల్లి వచ్చి అన్నం తింటున్నడు.

"ఆమె బోర్డు చూసినవా, ఎంత పెద్దగున్నదో" అన్న.

"ఔ, మంచిగున్నది" అన్నడు.

మంచిగున్నదంట. ఇంకో ముద్ద పెట్టకుంట గిన్నె తీసిన.

"అరె, నేనేమన్న?" అన్నడు.

జూన్ 24, మంగళవారం

మధ్యాహ్నం శంకరంపేటకెల్లి ఐలమ్మ అనే అవ్వ వచ్చింది. కొడుకు వెంకట్రాములు తోలుకచ్చిండు. పది దినాల కింద ఎదురు దుకాణంల అద్దాలు చేయించుకున్నరంట. దూరం చూడనీకి పైన, దగ్గర చూడనీకి కింద చిన్న ముక్క, రెండు ఒకే అద్దంల ఉండేవి.

"బిడ్డా, ఇవి పెట్టుకుంటే నేల మీదికి లేస్తున్నది. గడప ఏడున్నదో సమజైతలేదు. తల తిరుగుతున్నది" అన్నది అవ్వ.

"మరి గాడనే అడగకపోయిన్రా?"

"పటేలు బిడ్డ గదా, మావోనికి మొహమాటం. నువ్వు జర చూడు."

చూసిన. అద్దాలను పవర్ కొలిచే మిషన్‌ల పెట్టి చూస్తే చీటీ మీది నంబర్లే వచ్చినయి. నా మిషన్ పాతది, గంతగనం నమ్మొద్దు. అవే నంబర్ల లెన్సులు విడిగ పెట్టి చదివిస్తే అవ్వ మూడు వరుసలు చదివింది. అక్షరాలు ముందే ఎర్కయి ఉంటయి. ఫ్రేము ముక్కు మీద జర ఎత్తుల కూసున్నది, గది వేరే సంగతి.

"పవర్ తప్పిచ్చింది" అన్న. "ఇవి పెట్టుకోకు అవ్వా, ఉన్న చూపు పోతది."

వెంకట్రాములు మొఖం ఎర్రగయింది. "నువ్వు చూసినవా, మీ సార్ చూసిండా?"

"సార్ గూడ గట్లనే అంటడు. వారం ఆగుండ్రి, కొత్తయి చేసిస్తం."

పవర్ తప్పే అయి ఉంటది. చదువుకున్నోళ్లు తప్పు చేయరా ఏంది.

జూన్ 25

మంచిగ నిద్ర పట్టింది.

జూన్ 27, శుక్రవారం

పదకొండు గంటలకు వెంకట్రాములు ఇంకో ఇద్దరిని తీస్కోని వచ్చిండు. నా దుకాణానికి కాదు, ఎదురుంగ. ముందు మాట, తర్వాత అరుపు. "ముసలామె కండ్లతోని ఆటలాడుతున్నవా? పట్టా పైసలు పెట్టి కొన్నవా?" జనం జమైన్రు. ఎవరో ఫోన్‌ల తీసిన్రు.

ఇషిత బయటికొచ్చింది. "అన్నా, అవ్వను తీస్కరాండ్రి, మల్ల చూస్త, తప్పుంటే ఉత్తగనే మార్చిస్త" అన్నది. ఎవరింటరు?

నేను బయటికి పోలే. ఫ్రేములు తుడుస్తున్న. తుడిచినయే తుడిచిన.

జూన్ 28

షట్టరు తెరువలే.

జూన్ 30, సోమవారం

ఇయ్యాల గూడ మూసే ఉన్నది. వీడియో టౌన్ గ్రూపుల తిరుగుతున్నదంట, మా ఆయన చూపిచ్చిండు. నాకు చూడబుద్ది కాలే. మూడుసార్లు చూసిన.

జూలై 1, మంగళవారం

తొమ్మిది మంది వచ్చిన్రు. తెరిచినకాడికెల్లి ఇంతమంది ఎన్నడు రాలే. అండ్ల ఇద్దరు ఆమెకు అడ్వాన్సు ఇచ్చి వాపసు తీసుకున్నోళ్లే.

ఒకామె "ఆ తప్పు పట్టింది మీరేనంట గదా?" అన్నది.

"మా సార్ పట్టిండు" అన్న.

చేసిన పాపం గూడ ఆయన మీదనే ఏసిన. లేనోని మీద.

సంతోషం గావాలె గదా. అయితలేదు. ఎవరి కండ్ల ముందల లెన్సు పెట్టినా చెయ్యి బరువైతున్నది. ఇంతకుముందు నేను దొంగనని ఉత్తగ అనుకునేదాన్ని.

జూలై 3, గురువారం

ఐలమ్మ అవ్వ పడ్డది.

అద్దాలు తీసి పక్కకు పెట్టిందంట, నేను చెప్పిన కదా. వారంల ఇస్తనన్న కొత్తయి నేను చెయ్యనే లేదు. మసక చూపుతోని వాకిట్లకు దిగుతుంటే గడప తగిలి చెయ్యి మీద పడ్డదంట. మణికట్టు ఇరిగింది. దవాఖానల కట్టు కట్టించి ఇంటికి తీస్కపోయిన్రు.

గిదంత వెంకట్రాములే వచ్చి చెప్పిండు. నా మీద కోపం లేదు ఆయనకు. గదే భరించరాకుంటున్నది. నీళ్లడిగి తాగిండు. "అక్కా, ఆ పిల్ల మీద పోలీస్ స్టేషన్‌ల దరఖాస్తు ఇస్త. పవర్ తప్పని మీ సార్‌తోని ఒక కాయిదం మీద రాయించి సంతకం పెట్టియ్యి. సోమవారం వస్త" అన్నడు.

"సరే" అన్న.

సరే అన్న.

జూలై 4, శుక్రవారం

పొద్దుగాల మా ఆయనకు మొత్తం చెప్పిన. అరుస్తడనుకున్న. చాయ్ గ్లాసు కింద పెట్టిండు.

"సంతకం నువ్వు పెడుతవా?" అన్నడు.

"నేను పెడితే ఏం చెల్లుతది? నేనెవరు?"

"మొన్న డిపోల ఒకడు 'ఆ సార్ నువ్వేనా' అని అడిగిండు నన్ను. నేను బస్సులు రిపేర్ చేసేటోన్ని అన్న. నాకు సమజైతలేదు రజనీ, లేనోనికి ఇంత కష్టపడి జీతం చేస్తున్నవేంది నువ్వు?"

తూప్రాన్‌కు ఫోన్ చేసిన. కృష్ణమోహన్ సార్ అంత ఇన్నడు.

"పవర్ సరిగనే ఉన్నదా?"

"ఉన్నది సార్."

"మరి నేల ఎందుకు లేస్తున్నది?"

"ఫ్రేము ఎత్తుల కూసున్నది సార్. కింది ముక్క కంటికి అడ్డమొస్తున్నది. నడిచేటప్పుడు నేలను దగ్గర చూసే ముక్కలకెల్లి చూస్తున్నది అవ్వ. ముక్కు కాడి ప్యాడ్లు జర ఎడం చేస్తే కిందికి దిగుతది."

సార్ నవ్విండు. "నేనైతే లెన్సు మార్చమందును. నా దుకాణంల ముక్కులు చూసింది నువ్వే, నేనెన్నడు చూసిన?" అన్నడు. తర్వాత నవ్వు ఆపిండు. "ఎర్కుండి అబద్ధమాడినవ్. ఎర్క లేకపోతే మాఫ్ చేద్దును" అని పెట్టేసిండు.

ఎర్కుండే. చూడంగనే ఎర్కయింది. ఇరవై నాలుగు తారీకు రాసిన పేజీ మల్ల చదివిన. "గది వేరే సంగతి" అని రాసిన. గదే సంగతి.

జూలై 5, శనివారం

పొద్దుగాల బస్సుకే శంకరంపేట పోయిన. సంచిల చిన్న పట్టకారు, స్క్రూల డబ్బ. సోమవారం దాంక ఆగితే ధైర్యం ఉండదని తెలుసు.

అవ్వ మంచం మీద కూసున్నది, చేతికి తెల్ల కట్టు. "అరె, నువ్వెందుకచ్చినవ్ బిడ్డా ఇంత దూరం" అన్నది. వెంకట్రాములు కుర్చీ ఏసిండు. "సార్ రాసిచ్చిండా?" అన్నడు.

"సార్ లేడన్నా" అన్న. "ఇప్పుడు లేడని కాదు. ఎన్నడు లేడు. ఆ దుకాణం నాది. అవ్వను చూసింది నేనే, చెప్పింది నేనే. ఇషిత ఇచ్చిన పవర్ల తప్పు లేదు."

ఆయనకు సమజ్ కాలే. "మరి నేల ఎందుకు లేచింది?"

"అద్దాలు తెప్పియ్యి, చూపిస్త."

గూట్లకెల్లి తెచ్చిండు.

"నీకెట్ల తెలుసు? నువ్వు డాక్టరమ్మవా?" అన్నడు.

"కాదు. ఇంటర్ ఫెయిల్. కాని పదహారేండ్లసంది గిదే పని. ఎంతమంది ముక్కుల మీద కూసోపెట్టిన్నో లెక్క లేదు. పవర్ ఆ పిల్ల నాకంటె మంచిగ చూస్తది. ఫ్రేము కూసోపెట్టుడు మెదక్‌ల నాకంటె మంచిగ ఎవ్వరికి రాదు."

గీ మాట నా నోట్లకెల్లి ఎట్లొచ్చిందో. అబద్ధం ఒప్పుకోవాలంటె పని వచ్చని గూడ ఒప్పుకోవాలె. రెండు ఒకటే కాడ ఇరుక్కోని ఉన్నయి.

ప్యాడ్లు ఎడం చేసిన. చెవుల ఎనక కాడలు వంచిన. స్క్రూ ఒకటి వదులున్నది, దాని నెత్తి సరిగ కనవడలే, ఏలితోని తడిమి బిగించిన. పెట్టి చూసిన, తీసిన, మల్ల వంచిన. ఐదు నిమిషాల పని. దుకాణంలనే అయ్యేది ఆనాడు.

అవ్వను లేపి గడప దాంక నడిపిచ్చిన. మంచి చెయ్యి నేను పట్టుకున్న. కిందికి చూసింది. కాలు పెట్టింది. మల్ల లోపలికొచ్చింది, మల్ల దిగింది.

"నేల నేల కాడనే ఉన్నది" అన్నది.

వెంకట్రాములు నా దిక్కు చూసిండు. "గిది నీకు ఆనాడే ఎర్కేనా?"

"ఎర్కే."

"ఎర్కుండి నా చేత ఆ పిల్లను తిట్టిచ్చినవా? మా అవ్వ చెయ్యి ఇరగ్గొట్టినవా?"

"ఔ."

కొడుతడనుకున్న. కొట్టలే. కుర్చీ తీసి లోపల పెట్టిండు. నేను నిలవడే ఉన్న.

అవ్వ మాత్రం అడిగింది. "ఎందుకు చేసినవ్ బిడ్డా?"

"కండ్ల మంట అవ్వా. ఆ పిల్లను చూస్తే కండ్లు మండినయి."

అవ్వ ఆ అద్దాలల్లకెల్లి నన్ను చూసింది. "కండ్ల దుకాణం పెట్టుకోని నీకే కండ్ల మంటనా" అన్నది. నవ్వలే. తిట్టలే. "ఇగ పో. బస్సు పోతది" అన్నది.

జూలై 7, సోమవారం

షట్టరు సగం లేసున్నది. వంగి లోపలికి పోయిన.

పటం గోడ మీద లేదు. మొఖం గోడ దిక్కు పెట్టి కింద ఆనిచ్చి ఉన్నది. ఇషిత ముందల ఐలమ్మ చీటీ నకలు. దాని పక్కన కాయిదం నిండ లెక్కలు. అదే లెక్క మల్ల మల్ల చేసింది.

నిలవడే చెప్పిన. మొత్తం. ఒక్క మాట దాయలే.

ఆమె అరువలే. "పది దినాలసంది గిదే చూస్తున్న" అన్నది. "ఎక్కడ తప్పు చేసిన్నో దొరుకుతలేదు. నాన్న షాపు అమ్మేద్దామంటున్నడు. నేను సరే అన్న. నాలుగేండ్ల చదువు ఒట్టిదే, నాకు ఏం రాదు, అందరిని మోసం చేస్తున్న అనుకున్న."

ఆ మాటలు నాయే. ఒక్కొక్కటి నా లోపలియే. నాకున్న రోగం తీసి ఈ పిల్లకు అంటిచ్చిన.

"నీ పవర్ల తప్పు లేదమ్మా" అన్న.

"అది నాకు మీరు చెప్పాల్నా?" అన్నది. అప్పుడు ఏడ్చింది. ఏడ్చుకుంటనే "బయటికి నడువుండ్రి" అన్నది.

నడిచిన. మా ఆయనను ఫోన్ పట్టుకొమ్మన్న. "నా పేరు రజని. కంటి అద్దాల దుకాణం నాది. ఇషిత మేడం ఇచ్చిన పవర్ కరెక్టే. తప్పని చెప్పింది నేను, కుళ్లుతోని చెప్పిన" అని చెప్పిన. వీడియో తిరిగిన గ్రూపులల్లనే పెట్టించిన.

జూలై 9

ఇద్దరు వచ్చి ఫ్రేములు చూసి, నన్ను చూసి, పోయిన్రు. ఆర్డర్లిచ్చినోళ్లు నలుగురు వద్దన్నరు. డిపోల మా ఆయనను మస్తు ఆడుకుంటున్నరంట. ఆయన చెప్పడు, టిఫిన్ డబ్బ సగం వాపస్ వస్తున్నది.

ఇషిత షట్టరు మొత్తం తెరిచింది. లోపల జనం. చూసి పానం సల్లగయిందని రాద్దామనుకున్న. కాలే. కుళ్లే అయింది. రాసిన.

జూలై 12, శనివారం

ఒక్కలు రాలే.

జూలై 16, బుధవారం

మధ్యాహ్నం ఇషిత రోడ్డు దాటి వచ్చింది. చేతుల ఒక ఫ్రేము.

"మాఫ్ చేసిన్ననుకోకుండ్రి" అన్నది రావడం రావడమే.

"అనుకోను."

"ఒకాయనకు ఒక చెవి కిందికున్నది. ఎన్నిసార్లు వంచినా వంకరనే కూసుంటున్నది. మూడుసార్లు తిప్పిన ఆయనను. మాకు కాలేజీల గిది ఎవ్వరు నేర్పలే."

తీసుకున్న. కాడను కొంచెం వేడి చేసి చెవి కాడ వంచిన. "ఫ్రేమును చక్కగ పెట్టకు. ఫ్రేము వంకర చెయ్యి, మొఖం మీద చక్కగయితది" అన్న. ఆమె చేతికి పట్టకారు ఇచ్చి ఇంకో కాడ ఆమెతోనే వంపిచ్చిన. భయపడుకుంట వంచింది. విరగలే.

ఆఖరికి స్క్రూ పెడుతుంటే చేయి జారి బల్ల మీద పడ్డది. ఎదుకుతున్న. కండ్ల ముందలనే ఉన్నదంట, ఆమె తీసి ఇచ్చింది.

"ఎన్ని రోజులసంది?" అన్నది.

"ఏంది?"

"దగ్గరిది కనవడకుంట."

"ఈడ వెలుతురు తక్కువ" అన్న.

పైన ట్యూబులైటు దిక్కు చూసింది. ఫ్రేము తీస్కోని పోయింది.

జూలై 21, సోమవారం

పోయిన. నాలుగు దినాలు ఆలోచన చేసి పోయిన. ఆమె దుకాణంల నలుగురు కూసున్నరు. అందరికి నేనెవరో ఎర్కే, వీడియో చూసిన్రు గదా. వరుసల కూసున్న. ఒకామె జర పక్కకు జరిగింది, చోటియ్యనీకో, తగలకుంట ఉండనీకో.

నా వంతు వచ్చింది. గడ్డం ఆనియ్యమన్నది. పదహారేండ్లల్ల ఆ దిక్కు ఎన్నడు కూసోలే నేను. మిషన్ అయినంక మల్ల చేతితోని ఒక్కొక్క లెన్సు పెట్టి "ఇది మంచిగున్నదా, ఇదా?" అని అడిగింది. తొందరపడలే. నేను "రెండు ఒకటే" అంటే, "కాదు, జర ఆగి చెప్పు అక్కా" అన్నది. కృష్ణమోహన్ సార్ గూడ ఇంత నిమ్మళంగ చూడడు. నేనైతే అసలే చూడను. కడుపుల మండింది. కండ్లు మాత్రం ఆమె ముందల పట్టిన అట్ట మీది చిన్న అక్షరాల మీదికి పోయినయి. ఎన్నడు చూడనంత సాఫ్‌గ ఉన్నయి.

"ఇంత చూపుతోని గా చిన్న స్క్రూలు ఎట్ల బిగించినవ్ ఇన్ని రోజులు?" అన్నది.

"చేతికి ఎర్కనే" అన్న.

చీటీ రాసిచ్చింది. ఫ్రేములు చూపియ్యనా అని అడుగలే. నేను అడుగలే.

రోడ్డు దాటి వచ్చి, నా పవర్‌కు లెన్సు తీసి, మిషన్ షురూ చేసిన. తిరుగుతుండంగనే పొద్దున నన్ను చూసి వాపస్ పోయిన గాబ్రియేలు అనే ముసలాయన మల్ల వచ్చి వాకిట్ల నిలవడ్డడు.

"పనిల ఉన్నవా?" అన్నడు.

"ఉన్న. లోపలికి రాండ్రి. గిది నాది, ఆగుతది. మీరు ముందు కూసోండ్రి."